ఆయప్ప ఏమన్నాడు

కరెంటు పోయింది. గడియారాలు బాగుచేసే ఆ తెల్లవాడు తుపాకీ ఎత్తి నోరు తెరవబోయిన చోట సరిగ్గా పోయింది. టీవీలో బొమ్మ ముడుచుకుని చిన్న చుక్కై అదీ ఆరిపోయింది, ఫ్యాను మూలిగి ఆగింది, నేను మాత్రం కుడిచెయ్యి గాల్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను, ఎందుకంటే తెరమీద వాడు చెయ్యెత్తితే నేనూ ఎత్తాలి, అది నాకు నంద్యాల కన్వెన్షన్‌లో పట్టిన అలవాటు, ఏడాదికోసారి సముద్రాలు దాటి వచ్చే బోధకుడి పక్కన నిలబడి ఆయన ఇంగ్లీషులో ఒక ముక్క అంటే దాన్ని తెలుగులో అని, ఆయన అరిస్తే అరిచి, గొంతు తగ్గిస్తే తగ్గించి, ఆయన వేలు చూపిస్తే నేనూ జనం వైపు వేలు చూపించి తెచ్చుకున్న అలవాటు. ఆళ్ళగడ్డలో ఇంగ్లీషు పంతులుగా నాకున్న పేరు కంటే తర్జుమా కరుణాకర్‌గా ఉన్న పేరే పెద్దది. ఆ పేరే ఈరోజు నన్ను మా జీవమ్మక్క ఇంటి ముందరి గదిలోకి తెచ్చి ఒక తుపాకీవాడి పక్కన నిలబెట్టింది. చెయ్యి దించుకున్నాను. ఎదురుగా చాపమీద మా బావ మత్తయి కూర్చుని ఉన్నాడు, టీవీ ఆరిపోయినా దానివైపే చూస్తున్నాడు.

“ఏమంటాడు కరుణాకరా?”

“కరెంటు రానీ బావా.”

“నీకు తెల్దా?”

“ఈ రెండో భాగం నేనూ చూళ్ళేదు బావా.”

తల ఊపాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఆళ్ళగడ్డలో కరెంటు పోతే ఇట్టే వచ్చే రకం కాదు, ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, అయినా ఎవరూ లేవలేదు. వీడియో డెక్కూ కలర్ టీవీ నంద్యాల నుంచి దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చిన మద్దిలేటి, తన అద్దె సామాను వేడెక్కిపోతుందని డెక్కు మీద విసనకర్రతో విసురుతున్నాడు, మనుషులకు లేని భాగ్యం. వంటగది గుమ్మంలో అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. గోడవారగా పక్కింటి రాములమ్మవ్వ కూర్చుని పెదాలు కదుపుతోంది, ప్రార్థన కాబోలు. పొద్దున ఇదే గదిలో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. మా అక్క కూతురు సలోమి పోయి రెండేళ్ళు. అయ్యగారు వచ్చి వాక్యం చదివి, యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను అని చెప్పి, అన్నం తిని, మజ్జిగ తాగి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. జీపు ఇచ్చింది ఎవరు, తొక్కించింది ఎవరు అని ఆయన అడగలేదు, మేమూ అడగలేదు. ఆయన సైకిలు సందు మలుపు తిరగగానే బావ మద్దిలేటిని పిలిచి, పెట్టు అన్నాడు.

కూడికల తర్వాత డెక్కు పెట్టించడం ఈ మధ్య మావాళ్ళలో మామూలే అయిపోయింది, కానీ పెట్టేది క్రీస్తు చరిత్ర. అదొక్కటే క్యాసెట్టు అందరి ఇళ్ళల్లోనూ తిరుగుతుంది, గీతలు పడి మధ్యలో నీళ్ళు కారినట్టు బొమ్మ కారిపోయినా అందరూ ఏడుస్తూ చూస్తారు. రాములమ్మవ్వ అదే అనుకుని వచ్చింది పాపం. ఆమె రెండు కళ్ళకూ శుక్లాలు, టీవీ ఆమెకు కదిలే వెలుతురు మాత్రమే, కాబట్టి ఆమెకు సినిమా అంటే నా గొంతు. నా గొంతేమో కన్వెన్షన్ గొంతు, మరో గొంతు నాకు రాదు, ప్రయత్నించాను, రాలేదు. తెల్లవాడు ఏదో గొణిగితే నేను దాన్ని ఎత్తుకుని “అయితే నేను మీతో చెప్పునదేమనగా” అన్నంత గంభీరంగా చెబుతున్నాను, అవ్వ స్తోత్రం అంటోంది. వాడు చీకటి సందులో ఒకణ్ణి కాల్చి, నీ లెక్క తీరిపోయింది పో అన్నాడు, నేను చెప్పాను, అవ్వ రెండు చేతులూ ఎత్తి స్తోత్రం తండ్రీ అంది. మద్దిలేటి పక్కకు తిరిగి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే బావ అవ్వవైపు తిరిగి చూశాడు, ఆ చూపులో కోపం లేదు, ఒప్పుకోలు ఉంది. ఈ గదిలో ఆ తుపాకీ దెబ్బకు ఆమెన్ అన్న మనిషి ఒకరైనా ఉన్నందుకు ఆయనకు బాగుంది.

ఎంత ఉక్కగా ఉంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నన్ను ఎవరు ఒప్పుకోమన్నారు? బావ ఒక్కడే అడిగివుంటే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాణ్ణి, స్కూలు పేపర్లు దిద్దాలనో, కడుపునొప్పి అనో, తప్పించుకోవడంలో నాకు పేరుంది. కానీ పొద్దున కూడికకు ముందే అక్క నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది. అన్నం గంజి వారుస్తూ, నావైపు చూడకుండా మాట్లాడింది. “ఆయప్ప కొడవలి నూర్తాండాడప్పా. జొన్నకోతలు అయిపోయి ఎన్ని నెల్లాయ? దినామూ నూర్తాండాడు. నూరి, సూరులో పెడ్తాండాడు. నాతో మాట్లాడ్డు. ఈ సినిమా ఒగటే అడుగుతాండాడు. దాంట్లో ఆ తండ్రి ఏం జేస్తే ఈయన అదే జేస్తాడు.” గంజిగిన్నె కింద పెట్టి అప్పుడు తిరిగింది. “నువ్వు మార్చి చెప్పు. సంపొద్దని చెప్పు. కన్వెన్షన్లో నువ్వు మార్చి చెప్పలేదా? నాకు తెల్దనుకుంటాండావా? బిడ్డ పాయ. ఈ మనిషీ జైల్లో పడితే నేను యాడికి పోవల్ల?” నిజమే, మార్చి చెప్పాను. బోధకుడు తన ఊళ్ళో మంచు తుపానులో తప్పిపోయిన గొర్రెపిల్ల కథ చెబుతాడు, మంచు మావాళ్ళకేం తెలుసు, నేను దాన్ని నంద్యాల జొన్నచేలో తప్పిపోయిన మేకపిల్లను చేసి చెబుతాను, జనం కళ్ళు తుడుచుకుంటారు, బోధకుడు తన కథకే ఏడుస్తున్నారనుకుని మురిసిపోతాడు. అందరూ బాగుంటారు. అలా మార్చడం నాకు వెన్నతో పెట్టిన విద్య. సరే అక్కా అన్నాను. అనడానికి ఏం పోయింది.

సలోమికి కూడా నేనే ఇంగ్లీషు చెప్పాను. దానికి రాలేదు, నవ్వు వచ్చేది, మామా నీ ఇంగ్లీషులో దేవుడు తప్ప ఇంకెవరూ లేరే అనేది. నంద్యాలలో టీచర్ ట్రైనింగు చదువుతూ శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేది, బస్సు దిగి నాలుగు రోడ్ల దగ్గర మొక్కజొన్న కంకి కొనుక్కుని తింటూ నడిచి వచ్చేది, ఎదిగిన పిల్ల రోడ్డు మీద నములుతూ రావడమేంటని అక్క కేకలేసేది. రైసుమిల్లు వాళ్ళ అబ్బాయి ఒకడు జీపులో ఆ నడకను వెంబడించేవాడు. నెలల తరబడి. ఒక శనివారం బస్టాండులో జనం చూస్తుండగా అది చెప్పు తీసి వాడి చెంప మీద కొట్టింది. మేమంతా ఆ రోజు ఎంత గర్వపడ్డాం, నేనైతే క్లాసులో పిల్లలకు పేరు చెప్పకుండా ధైర్యం మీద పాఠం కూడా చెప్పాను. తర్వాతి శనివారం అది కంకి తింటూ వస్తుంటే జీపు వెనకనుంచి వచ్చింది. అంతే. రోడ్డు పక్కన టీ హోటలు ఉంది, హోటలాయన ఉన్నాడు, బస్తాలు దించుతున్న హమాలీలు ఉన్నారు, అందరూ చూశారు, బావ కాళ్ళ దగ్గర కూర్చుని చెబుతామన్నారు, మోషే ధర్మశాస్త్రం మీద ప్రమాణం చేసినంత గట్టిగా చెబుతామన్నారు. నంద్యాల కోర్టులో బోనెక్కి ముగ్గురూ ఒకటే మాట చెప్పారు. శబ్దం విని తిరిగి చూశాం, దుమ్ము తప్ప ఏమీ కనపళ్ళేదు. ఎవరో నేర్పిన వాక్యం, ముగ్గురికీ ఒక్క అక్షరం తేడా లేదు, నా విద్యార్థులు ఎన్నడైనా అంత శుభ్రంగా అప్పజెప్పారా? వాళ్ళను తిట్టడానికి కూడా నాకు మనసు రాలేదు, వాళ్ళకూ పిల్లలున్నారు, వాళ్ళ పిల్లలూ ఆ రోడ్డు మీదే నడవాలి. సాక్ష్యం చాలదన్నారు, వాణ్ణి వదిలేశారు, అది పోయిన నెల.

తీర్పు తర్వాత కోర్టు వరండాలో మేం ముగ్గురం నిలబడి ఉన్నాం. ఎటు కదలాలో తెలియక నిలబడ్డాం అంతే. వాడు మెట్లవైపు వస్తూ, చుట్టూ మనుషులు నవ్వుతుంటే వాడూ నవ్వుతూ, మా దగ్గరకొచ్చి, పెద్దాయనా పక్కకు జరుగు అన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు, సంతలో దారి అడిగినట్టు అన్నాడు, ఆయన ఎవరో వాడికి ఆ క్షణాన గుర్తుందో లేదో కూడా అనుమానమే. బావ జరిగాడు. జరగడమే కాదు, దారిలో ఉన్న మా టిఫిన్ క్యారియర్ తీసి గోడవారగా పెట్టాడు. వాడు వెళ్ళిపోయాడు. నేను అక్క మొహం చూడలేదు, అక్క నా మొహం చూడలేదు, క్యారియర్లో పొద్దున కట్టిన పులగం అలాగే ఉండిపోయింది. గుడిలో కంజీర పట్టుకుంటే సంఘమంతటినీ లేపి నిలబెట్టే మనిషి, పాటకు గొంతెత్తితే వీధి చివరి దాకా వినిపించే మనిషి, ఆ రోజునుంచి నోట్లో నాలుక లేనివాడైపోయాడు. ఆదివారం వస్తాడు, కూర్చుంటాడు, పాట మొదలైతే నేల చూస్తాడు. కంజీర ఇప్పుడు ఇంకెవరో వాయిస్తున్నారు, తాళం తప్పుతోంది.

మద్దిలేటి విసరడం ఆపి బీడీ కోసం జేబు తడుముకుని, అవ్వను చూసి మానుకున్నాడు. వీధిలో ఎవరో ఐసు పుల్లల బండి గంట కొట్టుకుంటూ పోతున్నారు. మొదటి భాగం నేను నంద్యాలలో చూశాను, కోర్టు వెనక సందులో నల్లగుడ్డ తెర వేలాడదీసిన వీడియో హాల్లో, వాయిదా పడ్డ ఒక రోజు, అక్కాబావల్ని బస్సెక్కించి నాకు పనుందని చెప్పి. పంతులు, సంఘ పెద్ద, కన్వెన్షన్ తర్జుమాదారు, తలమీద తువ్వాలు కప్పుకుని దొంగలా దూరాను. ఆ తెల్లవాడికి ఒకటే కూతురు. దాన్ని చంపారు. పోలీసులు పట్టుకున్నారు, కోర్టు వదిలేసింది. మా తీర్పు అప్పటికింకా రాలేదు గానీ, ఇప్పుడు చూస్తే అంతవరకూ మా కథే, మక్కీకి మక్కీ. అక్కణ్ణుంచి వాడు దుకాణం మూసి, తాళం వేసి, తుపాకీ కొనుక్కుని ఒక్కొక్కణ్ణీ వెతికి కాల్చాడు. నాకు ఎంత హాయి అయిందో చెప్పలేను. ఒక్కొక్కడు పడిపోతుంటే నా లోపల ఏదో ముడి విప్పుకుంటూ వచ్చింది, పక్కన కూర్చున్న హమాలీ ఈలవేస్తే నేనూ ఈలవేశాను, ఈల వేయడం నాకు వచ్చని అప్పుడే తెలిసింది. అక్కడ సాక్షి మాట మార్చడు, ఎందుకంటే అక్కడ సాక్షిని ఎవరూ అడగరు. అక్కడ వరండాలో తండ్రి పక్కకు జరగడు. బయటికొచ్చాను, కళ్ళు చికిలించుకుంటూ నిలబడ్డాను, ఎదురుగా అదే కోర్టు గోడ, అదే స్టాంపు వెండరు, అదే ఎండ, మిల్లు వాళ్ళ వకీలు టీ తాగుతూ నమస్కారం సారూ అన్నాడు. నేను నమస్కారం పెట్టాను. అదే రోజుల్లో, ఇంకో వాయిదాకు, అదే నల్లగుడ్డ తెర వెనక్కి బావ కూడా ఒంటరిగా వెళ్ళి అదే సినిమా చూశాడని నాకు మద్దిలేటి చెబితేగానీ తెలియలేదు. ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే చోటికి పోయి ఒకే మందు తాగి వచ్చాం.

అయితే ఇలాంటి సినిమాలకు రెండో భాగం ఎందుకు తీస్తారు? మొదటిదాంట్లో అందరూ చచ్చారు కదా, లెక్క తీరింది కదా. ఈరోజు వాడి మాటలు చెబుతూ చెబుతూ అర్థమైంది. లెక్క తీరలేదు. హంతకులకు డబ్బిచ్చి విడిపించిన పెద్దవాడొకడు మిగిలిపోయాడట. ఇప్పుడు వాణ్ణి వెతకాలి. కానీ వాడు ఊరికే వెతకడు, దుకాణం తెరుచుకుని గడియారాలు బాగుచేసుకుంటున్నాడు, పక్కింటి ఆవిడ ఒకామె రొట్టెలు తెచ్చి పెడుతోంది, కాస్త నవ్వుతున్నాడు కూడా. వాణ్ణి మళ్ళీ లేపాలంటే ఆ ఇల్లాలు చావాలి. చంపారు. ఇదీ వరస. వాడికి ఎవరైనా మిగిలితే భాగం ముందుకు సాగదు, కాబట్టి ప్రతి భాగం మొదట్లోనూ మిగిలిన వాళ్ళలో ఒకరిని ఏరి చంపుతారు. మనం టికెట్టు కొనుక్కుని ఆ చావు కోసం ఎదురు చూస్తాం, అది త్వరగా అయిపోతే అసలు పనిలోకి దిగుతాడని. నేనూ ఎదురు చూశాను. రొట్టెలావిడ ఎప్పుడు పోతుందా అని చూశాను, మా అక్క గుమ్మంలో నిలబడి ఉండగా. మనిషికి దుఃఖం వస్తే మంచివాడవుతాడని నేను ఎన్ని కన్వెన్షన్లలో ఎత్తిన గొంతుతో చెప్పానో, అదంతా ఉత్తదే.

“కరుణాకరా,” అన్నాడు బావ. ఉలిక్కిపడ్డాను. ఆయనంతట ఆయన పిలిచి ఎన్ని రోజులైందో. టీవీ వైపు చూస్తూనే మాట్లాడాడు. “మొదటి దాంట్లో బొమ్మలు సూసినా గానీ మాటలు తెలీలే. వాడు ప్రతివోన్నీ కాల్చేముందర ఏందో ఒగ మాట అంటాడు. సూసినావా? అనకుండా కాల్చడు. ఆ మాటేందో తెల్సుకోవల్లని నిన్ను పిలిపించినా.”

“ఎందుకు బావా?”

“కోర్టులో జడ్జీ అడిగినాడు గదా, నువ్వేమన్నా చెప్పుకుంటావా పెద్దాయనా అని. నా నోట్లో మాట రాలే. వరండాలో వాడు జరుగన్యాడు. అప్పుడూ రాలే. జరిగినా.” మోకాళ్ళ మీద ఉన్న తువ్వాలును మడత విప్పి మళ్ళీ అదే మడత వేశాడు. “కొడవలి ఎత్తేది నాకు తెలుసు. వాని ఎదురుగా నిలబడి ఏమనల్లో అదే తెల్దు. ఏమీ అనకుండా నరికితే, ఎందుకు సచ్చినాడో వానికి తెలీదు గదా. ఎవడో పిచ్చోడు నరికినాడనుకుంటాడు. ఆ మాట ఒగటి దొరికితే సాలు.”

అక్క గుమ్మంలో కూలబడింది. ఇన్నాళ్ళూ ఆయన్ను ఆపుతున్నది భయం కాదు, దేవుడు కాదు, మా అక్క కన్నీళ్ళు కాదు, ఒక్క వాక్యం. ఆ వాక్యం సముద్రాలకు అవతల ఎవడో రాసి, ఈ నల్లటి పెట్టెలో చుట్టి, నంద్యాల బస్సులో దుప్పట్లో కట్టి ఈ గదికి పంపాడు, కరెంటు రాగానే అది నా నోట్లోంచి ఈయన చెవిలోకి పోవాలి. మద్దిలేటి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను ఆలోచించాను, జీవితంలో ఎన్నడూ ఏ వాక్యం గురించీ అంత ఆలోచించలేదు. క్షమించానని చెప్పించలేను, ఆ వెంటనే తుపాకీ పేలుతుంది, చూసే కళ్ళున్నవాడు నమ్మడు. చట్టం చూసుకుంటుందని చెప్పించలేను, ఉమ్మేస్తాడు. తుపాకీకి సరిపోవాలి, కొడవలిని ఆపాలి. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. నిన్ను చంపినా నా బిడ్డ తిరిగి రాదు. అంతే. అది వింటే ఆయన చెయ్యి లేవదు, లేచినా దిగిపోతుంది. మనసులో నాలుగైదు సార్లు అనుకున్నాను, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో చూసుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ సిద్ధం చేసుకోవడంలో కాస్త సంతోషం కూడా కలిగింది, పనివాడికి పని మీద ఉండే సంతోషం. ఆ వెంటనే సిగ్గేసింది, ఎందుకంటే ఆ మాట నేనే నమ్మను. వాడు చస్తే సలోమి రాదని నాకు తెలుసు, అయినా వాడు చావాలి. రాత్రిళ్ళు నేను వాణ్ణి నూరు రకాలుగా చంపాను. చేతకానివాడి హత్యలు, పొద్దున్నే లేచి స్కూలుకు పోయాను.

ఫ్యాను కిర్రుమంది. కరెంటు వచ్చింది. మద్దిలేటి ఎగిరి డెక్కు దగ్గరికి పోయి క్యాసెట్టు కాస్త వెనక్కి తిప్పి వదిలాడు, తెరమీద గీతలు పైకి పాకి సర్దుకున్నాయి. బావ చాపమీద ముందుకు జరిగాడు. నేను లేచి టీవీ పక్కన నిలబడ్డాను. పెద్దవాడు ఒక మూతపడిన గ్యారేజీలో గోడకు ఆనుకుని ఉన్నాడు, కోటు చిరిగింది, చేతులెత్తి బతిమాలుతున్నాడు, ఎంత కావాలన్నా ఇస్తానంటున్నాడు, చెప్పాను. తెల్లవాడు నడిచి వచ్చాడు, దగ్గరగా, ఇద్దరి ముఖాలే తెరంతా. తుపాకీ ఎత్తాడు. నేను చెయ్యెత్తాను. వాడు పెదవి ఒక పక్కకు లాగి, నవ్వి, నాలుగు ముక్కలన్నాడు. అన్నాడు, కాల్చాడు, పెద్దవాడు గోడ వెంబడి జారిపోయాడు. ఆ నాలుగు ముక్కలు విన్నాక నాకు లోపల ఏదో ఖాళీ అయిపోయింది. అయినా నోరు తన పని తాను చేసింది. “నిన్ను చంపినా,” అన్నాను, ఆగాల్సిన చోట ఆగాను, “నా బిడ్డ తిరిగి రాదు.”

“స్తోత్రం తండ్రీ,” అంది అవ్వ.

“ఆపు మద్దిలేటీ,” అన్నాడు బావ. బొమ్మ ఆగి తెరమీద వణుకుతూ నిలిచింది. నావైపు తిరిగాడు. “వాడు నవ్వినాడే?”

ఎత్తిన చెయ్యి దించుకున్నాను.

“బిడ్డ రాదు అనేటోడు నవ్వుతాడా? ఏందప్పా నువ్వు చెప్పేది? మళ్ళ ఎయ్యి మద్దిలేటీ.” మళ్ళీ వేశారు. మళ్ళీ నవ్వాడు, మళ్ళీ అన్నాడు, మళ్ళీ కాల్చాడు. “నవ్వుతాండాడు. నాకు కళ్ళున్యాయి. ఏమన్నాడో చెప్పు.”

గుమ్మంలోంచి అక్క వద్దు వద్దని తల ఊపుతోంది. నా దగ్గర ఇంకా అబద్ధాలున్నాయి, అవి ఏనాడూ కొరవడలేదు. దుఃఖం ఎక్కువైతే వాళ్ళు అలాగే నవ్వుతారు బావా, తెల్లవాళ్ళ పద్ధతి అది అనొచ్చు. కానీ ఆయన నా నోటివైపు చూస్తున్నాడు, రెండేళ్ళుగా ఎవరి నోటినుంచీ నిజం వినని మనిషి, హోటలాయన నోటినుంచి వినలేదు, హమాలీల నోటినుంచి వినలేదు, అయ్యగారి నోటినుంచీ వినలేదు. ఇంకో అబద్ధం చెబితే నాలుగో సాక్షిని నేనవుతాను. అది నావల్ల కాలేదు.

“అంగడి మూసేసినాం, రేపు రా అన్నాడు బావా.”

“ఏందీ?”

“వాడు గడియారాల అంగడోడు గదా. పెద్దోడు బేరమాడుతాండాడు గదా, ఎంతైనా ఇస్తానని. అంగడి మూసేసినాం రేపు రా అన్నాడు. తమాషాకు. ఆ దేశంలో దానికి జనం నవ్వుతారు, చప్పట్లు కొడతారు.”

“ఇంగేమన్లేదా?”

“అన్లేదు.”

“బిడ్డ పేరు?”

“ఎత్తలేదు బావా.”

“మొదటిదాంట్లో నాకు తెలిసిన మాట అదొగటే. పొద్దున్నే టిఫినుకు పిలుస్తాడు సూడు మేడమెట్ల కాడ నిలబడి, పేరు పెట్టి. అది నాకు అర్థమాయ.” తెరమీద వణుకుతున్న మొహాన్ని చూశాడు. “ఈ రెండోదాంట్లో యాడా ఎత్తలేదా? నువ్వు మొదటినుంచీ చెప్తాండావు గదా. యాడా?”

మొదటినుంచీ చెప్పిన మాటలన్నీ వెనక్కి తిప్పి చూసుకున్నాను, దొరికితే బాగుండునని నిజంగా వెతికాను. దుకాణం గోడమీద ఆ పిల్ల ఫోటో ఉంది, మొదట్లో ఒకసారి కనిపించింది, వాడు దాని ముందునుంచే అటూ ఇటూ తిరిగాడు. రొట్టెలావిడ అడిగింది, ఎవరని కాదు, ఫోటో వంకరగా ఉందని. వాడు సరిచేశాడు. అంతకుమించి లేదు. తుపాకుల పేర్లున్నాయి, వీధుల పేర్లున్నాయి, ఆ పిల్ల పేరు లేదు. రెండో భాగానికే ఆ పిల్లను అందరూ మరిచిపోయారు, కన్నవాడితో సహా. “యాడా ఎత్తలేదు బావా,” అన్నాను.

ఆయన అరుస్తాడనుకున్నాను, టీవీ పగలగొడతాడనుకున్నాను, లేచి చూరువైపు పోతాడనుకున్నాను. ఏమీ చేయలేదు. తువ్వాలు ఒళ్ళోంచి జారి చాపమీద పడింది, తీయలేదు. వరండాలో క్యారియర్ పక్కకు పెట్టినప్పుడు ఆయన భుజాలు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. అక్క గుమ్మంలోంచి లేచి వచ్చి తువ్వాలు తీసి ఆయన భుజాన వేసింది, నావైపు చూసి కళ్ళు మూసి తెరిచింది, బతికించావప్పా అన్నట్టు. నాకు తెలిసిపోయింది, ఇక ఈయన పోడు. పోడని సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. పోతే బాగుండును, చూరులోంచి కొడవలి తీసుకుని, మాటొచ్చినా రాకపోయినా, పేరు ఎత్తినా ఎత్తకపోయినా, ఇప్పుడే లేచి పోతే బాగుండునని నాకు ఒళ్ళంతా అనిపించింది, దేవుడు నన్ను క్షమించనక్కర్లేదు.

“మద్దిలేటీ,” అన్నాడు బావ. “దీనికి మూడోది ఉండాదా?”

“ఉండాదంటన్నా. బొంబాయికి వచ్చిందంట. మెల్లగా మన నంద్యాలకూ వస్తాది.”

“వస్తే తే.” నావైపు తిరిగాడు. ఆ మొహంలో ఎన్నాళ్ళకో ఏదో కదిలింది, అడుక్కునేవాళ్ళ మొహాల్లో కదిలేది. “దాంట్లో అన్నా అంటాడేమో గదా కరుణాకరా?”

తెరమీద బొమ్మ ఆగిపోయి ఉంది. తర్జుమా చేయడానికి నా పక్కన ఎవరూ మాట్లాడటం లేదు.

“అంటాడు బావా,” అన్నాను. “మూడోదాంట్లో అంటాడు.”

ఈసారి ఆయన నమ్మాడు.